కరణం పోయినా రాత మిగిలింది

ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా భూమి చుట్టూ చర్చ ఆగడం లేదు. 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. 2023లో అసైన్డ్ భూముల చట్టాన్ని సవరించారు. భూహక్కు చట్టం వచ్చింది, 2024లో రద్దయింది. పార్టీలు పరస్పరం నిందించుకుంటున్న ఈ రగడలో ఒక మౌలికమైన ప్రశ్న మరుగున పడింది: ఈ రికార్డులను మొదట రాసిందెవరు? ఏ అధికారంతో రాశారు?

సమాధానం మద్రాసు ప్రెసిడెన్సీ పాలనా చరిత్రలో ఉంది. 1802 నాటి శాశ్వత శిస్తు విధానం ఉత్తర సర్కారుల్లో జమీందార్లను స్థిరపరచింది. థామస్ మన్రో గవర్నరుగా వచ్చిన 1820 నుంచి జమీందారీయేతర ప్రాంతాల్లో రైత్వారీ స్థిరపడింది. సర్కారుకూ రైతుకూ మధ్య దళారీ లేని పద్ధతి అని దాన్ని పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి. కానీ జిల్లాకు ఒక్కడైన కలెక్టరు ప్రతి చేనునూ చూడలేడు. సాగుదారు ఎవరు, బంజరు ఎంత, బకాయి ఎవరిది అన్నది అతనికి తెలిసేది కరణం లెక్కల ద్వారానే. దళారీ పోలేదు, శిస్తు గుత్తకు బదులు కలం పట్టుకున్నాడు.

ఆ కలాన్ని తెల్లదొరలు వంశపారంపర్యం చేశారు. 1831 నాటి ఆరో రెగ్యులేషన్ వారసత్వ గ్రామోద్యోగాల తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి కలెక్టర్లకు అప్పగించింది. 1895 నాటి మూడో చట్టం వారసత్వానికి పక్కా నియమాలు రాసింది. అది మునసబు, కరణాలకే పరిమితం కాలేదు. తలారి, నీరుగంటి, వెట్టి కొలువులనూ అదే చట్టం వంశాలకు కట్టేసింది. లెక్క రాసేవాడి కొడుకు లెక్కే రాయాలి, వెట్టివాడి కొడుకు వెట్టే చేయాలి. ఊరి ఆచారమైన కులవృత్తికి చట్టం ముద్ర పడింది. పొలిమేర రాళ్లు ఎక్కడున్నాయో బాగా తెలిసిన వెట్టివాడికి రికార్డులో మాత్రం చోటు లేదు.

దళితులకు భూమి ఇవ్వాలన్న ఆలోచన ఆ పాలనకు రాకపోలేదు. చెంగల్పట్టు పరయల దుస్థితిపై ట్రెమెన్‌హీర్ 1891లో నివేదిక ఇచ్చాడు. మరుసటి ఏడే భూకేటాయింపు ఉత్తర్వులు వెలువడ్డాయి. అయితే ఏది బంజరో, ఎవరి అధీనంలో ఉందో చెప్పవలసింది మళ్లీ ఆ గ్రామోద్యోగులే. ఉత్తర్వు మద్రాసులో పుట్టినా దాని ఆయుష్షు ఊరి చావడిలోనే తేలేది.

స్వాతంత్ర్యం వచ్చాక 1960 డిసెంబరులో గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవికి సంబంధించిన వివాదమది. పూర్వపు ఉద్యోగి కుటుంబం నుంచే ఎంపిక చేయాలన్న 1895 చట్టపు నిబంధన రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని తేల్చింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దుచేసింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే పదవి రద్దయినా రాత రద్దు కాలేదు. రీసర్వే బృందాలు క్షేత్రాన్ని పోల్చి చూసేది నాటి వారసత్వపు రికార్డులతోనే.

కరణాలందరూ మోసగాళ్లని నా వాదన కాదు. నిజాయితీగా లెక్క రాసినవారూ ఉన్నారు. లోపం వ్యవస్థది. ఊరి జ్ఞాపకంలో ఒక వర్గం మాటే కాగితమై, మరో వర్గం మాట నోటిమాటగా మిగిలింది. డ్రోన్ హద్దును సెంటీమీటర్లలో కొలవగలదు. ఆ హద్దులో ఎవరి పేరు ఎందుకు రాలేదో చెప్పలేదు.

ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిపై మూల లబ్ధిదారుకూ వారసులకూ పూర్తి హక్కు ఇస్తామన్న 2023 సవరణను ఈ వెలుగులోనే చూడాలి. పేరు ఒకరిది, సాగు మరొకరిది అయినచోట ముందు తేలవలసింది ఆ తేడా. అది తేలకుండా అమ్మకపు హక్కు ఇస్తే, దశాబ్దాల ఆక్రమణకు రిజిస్ట్రేషన్ దారి చూపినట్టే. అందుకే నేను కోరేది రెండే. అసైన్డ్ జాబితాను దళితవాడలోనే సభ పెట్టి చదివి వినిపించాలి. భూమిపై ఉన్నవారి, భూమి పోగొట్టుకున్నవారి మౌఖిక సాక్ష్యాన్ని రికార్డులోకి ఎక్కించాలి. వెట్టివాడి వారసుడి మాట సర్కారు కాగితం మీదకు ఎక్కిన రోజునే 1895 చట్టం నిజంగా రద్దయినట్టు.