మందలో దాగిన సొత్తు

పిల్లలూ! పెద్దపల్లి జిల్లా సుల్తానాబాదు చుట్టుపక్కల ఊళ్ళలో వరికోతలు కాగానే మేకల మందలు పొలాల్లోకి దిగుతాయి. మీరెప్పుడైనా ఒక మందను నిదానంగా చూశారా? ఒక మేక నల్లగా ఉంటుంది, ఒకటి గోధుమ రంగుది, మరొకదానికి తెల్లమచ్చలు. ఒకటి ఈతకు రెండు పిల్లలను పెడుతుంది. ఇంకొకటి ఒక్క పిల్లనే పెట్టినా దానికి కడుపునిండా పాలిస్తుంది. రోగం వస్తే కొన్ని చనిపోతాయి, కొన్ని తట్టుకుని బతుకుతాయి. ఎందుచేత?

తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు చేరవేసేవి జన్యువులు. అవి మందలో ఎన్ని రకాలుగా ఉంటే మందకు అంత బలం. కరువు వచ్చినా, కొత్త రోగం వచ్చినా దాన్ని తట్టుకునే మేకలు కొన్నైనా మిగలవచ్చు.

ఈ గుణాలు ఒక్కనాడు వచ్చినవి కావు. ఉస్మానాబాదీ మేకల సంగతే చూడండి. 1956 దాకా ఉస్మానాబాదు, సుల్తానాబాదు రెండూ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవి. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఉస్మానాబాదుకు 2023లో ధారాశివ్ అని పేరు మార్చారు. మేకకు మాత్రం పాతపేరే నిలిచింది. తెలంగాణాలో కూడా కనిపించే ఈ జాతిలో నల్లనివే ఎక్కువ. వానలు తక్కువైన నేలలో ఆకూ అలమూ తిని, తరచు కవలలను ఈనుతాయి. ఎన్నో తరాల కాపరులు పెంచిన ఫలమిది.

ఈ సొత్తు పోవడానికి దొంగలు రానక్కరలేదు. పండుగ వస్తే చాలు! ఏపుగా పెరిగిన పోతుకు మంచి ధర పలుకుతుంది. దాన్ని అమ్మేస్తారు. కాపరిని తప్పుపట్టడానికి లేదు. ఆ డబ్బుతోనే ఇంట్లో పిల్లలకు బట్టలు, పుస్తకాలు రావాలి. కాని మిగిలిన బక్కపోతు మందకు తండ్రి అవుతుంది. అదే పోతు ఏళ్ళ తరబడి ఉంటే తన కూతుళ్ళతోనే జతకడుతుంది. అప్పుడు బలహీనమైన పిల్లలు ఎక్కువగా పుడతాయి.

పోయిన జాతిని మళ్ళీ తెచ్చుకోలేమా? స్పెయిన్ దేశపు పిరనీస్ కొండల్లో బుకార్డో అనే అడవిమేక ఉండేది. 2000 జనవరిలో, మిగిలిన ఒక్కగానొక్క ఆడమేక చెట్టుకూలి మరణించింది. ముందుగా తీసి దాచిన దాని కణాలతో శాస్త్రజ్ఞులు 2003లో ఒక పిల్లను పుట్టించారు. ఊపిరితిత్తుల లోపంతో కొన్ని నిమిషాలకే అది కన్నుమూసింది. ఒకవేళ బతికినా, దానికి జత ఎక్కడిది?

కనుక ఉన్నప్పుడే కాపాడుకోవాలి. హర్యానాలోని కర్నాలులో ఇందుకోసం ఒక జాతీయ సంస్థ ఉన్నది. అది దేశవాళీ పశువుల జాతులను నమోదు చేస్తుంది, పోతుల వీర్యాన్ని అతిచల్లని ద్రవంలో భద్రపరుస్తుంది. అయితే ఎండకూ వానకూ ఓర్చుకుంటూ జాతి నిలవవలసింది ఊరి మందలోనే. కవలగా పుట్టిన మంచి పోతునొకదాన్ని విత్తనానికి ఉంచుకుని, రెండేళ్ళకొకసారి దూరపు మందవారితో మార్చుకుంటే చాలు.

ఈ సెలవుల్లో మీ ఊరి మంద దగ్గరకు వెళ్ళండి. ఎన్ని రంగుల మేకలున్నాయో లెక్కపెట్టండి. "తాతా, ఈ విత్తనపు పోతును ఎక్కడినుంచి తెచ్చావు?" అని కాపరిని అడగండి. ఆయన చెప్పినది నోటుపుస్తకంలో రాసుకోండి. మందలోని సొత్తుకు అదే మీరు రాసే మొదటి లెక్క!