శాసనం సరే, దయ ఏది?

పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లల్లేక, చివరికి ఐవీఎఫ్‌కి సిద్ధపడ్డ ఒక రోమన్ కాథలిక్ (ఆర్‌సీఎం) జంటను ఈ వారం వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దమనిషి నలుగురిలో నిలదీశాడు. "అది పాపం, పోపుగారే చెప్పారు" అన్నాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. పక్కనే ఉన్న మొగుణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఐవీఎఫ్‌ను వాటికన్ కాదన్న మాట నిజమే. బిడ్డ దాంపత్యంలోంచి పుట్టాలి తప్ప ప్రయోగశాలలో తయారు కాకూడదని 1987లో 'దోనుం వీతే' అనే వాటికన్ పత్రం చెప్పింది. పిండం తొలి క్షణం నుంచీ మనిషేనన్నది ఆ బోధ. 2024 ఏప్రిల్‌లో వచ్చిన మరో వాటికన్ పత్రం 'దిగ్నితాస్ ఇన్ఫినీతా' అద్దెగర్భం మానవ గౌరవానికే విరుద్ధమంది. ఇక్కడ నేను పూర్తిగా వాటికన్ పక్షం. పేదరాలి కడుపును ఏ పేరుతో బేరం పెట్టినా అది బేరమే. మన 2021 చట్టం ఆ వ్యాపారాన్ని నిషేధించాక కూడా, 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఏం బయటపడిందో చూశాం. అద్దెగర్భం బిడ్డ అని చెప్పి లక్షలు గుంజి, ఇంకెవరో కన్న పసిబిడ్డను చేతిలో పెట్టారని పోలీసులు తేల్చారు.

కానీ బోధ వేరు, దాన్ని రాయిలా విసరడం వేరు. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయిస్ బ్రౌన్ పుట్టినప్పుడు వెనిస్ కార్డినల్ అల్బీనో లూచియానీ ఆ పద్ధతిని సమర్థించలేదు. అయినా ఆ తల్లిదండ్రులను ఖండించే హక్కు తనకు లేదన్నాడు, పాపకు శుభం కోరాడు. కొద్ది వారాలకే ఆయన పోపు అయ్యాడు. మన పెద్దమనుషులకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

స్త్రీ పురుషులిద్దరూ దేవుని పోలికలో సృష్టించబడ్డారన్నదే వాటికన్ బోధకు పునాది. మరి గొడ్రాలన్న నింద ఒక్కరికే ఎందుకు? సంతానలేమి ఉన్న దాదాపు సగం జంటల్లో మగవాడి లోపమూ ఉంటుందని వైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఐవీఎఫ్ కోసం భార్య ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన మందు పెట్టె దాచుకుని, రోజూ పొట్ట మీద సూది పొడుచుకుంటుంది. భర్త వీర్యపరీక్షకు మాత్రం పరువు అడ్డొస్తుంది!

చర్చిల్లోని విచారణ గురువులకు నా మనవి ఒక్కటే. పెళ్ళికి ముందు జంటలకు చెప్పే తరగతుల్లో ఈ మాట కూడా చెప్పండి: పిల్లలు ఆలస్యమైతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, పరీక్ష ముందు మగవాడే చేయించుకోవాలి.