డోలీలో అమ్మ, టీవీలో "పాపం"

మదర్స్ డే వస్తే చాలు, ల్యాప్‌టాప్ ముందు బిడ్డనెత్తుకున్న అమ్మ టీవీల్లో "సూపర్ మామ్". బిడ్డను వీపున కట్టుకుని పోడులో కలుపు తీసే మన అమ్మేమో "పాపం, గిరిజన మహిళ". ఆమెకు 2017 సవరణతో 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. మంచిదే, ఆమె మీద నాకేం కోపం లేదు. మరి మనోళ్లకు? పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. మీ ఊళ్లో ఎవరైనా చూశారా అన్నలారా, అక్కలారా?

డోలీ వార్త వచ్చిందంటే చివర్లో "అవగాహన లోపం" అని ఒక ముక్క తగిలిస్తారు. నెలలు నిండిన మనిషిని భుజాల మీద కొండ దింపి ఆసుపత్రికి తెస్తుంటే అవగాహన లేనిదెవరికి? మోసినోళ్లకా, రోడ్డు వేయనోళ్లకా? ఈసారి కెమెరా పట్టుకుని వచ్చినోళ్లను ముందు ఆఫీసుకెళ్లి రోడ్డు ఫైలు ఎక్కడుందో అడగమనండి.