ముందు ఆసుపత్రికి పదండి

అమ్మా, ఈ వారం ఒక చేదు మాట మాట్లాడుకుందాం. పక్కింటి పిల్ల ఏడుస్తూ వచ్చి మీ గడపలో కూలబడింది. ఎవడో అఘాయిత్యం చేశాడని తెలిసింది. అప్పుడు మనం ఏం చేస్తాం? నీళ్లు కాచి తలకు పోస్తాం. కట్టుబట్టలు తీసి బకెట్లో నానేస్తాం. "గమ్మునుండు, పరువు పోతుంది" అంటాం. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ సాక్ష్యమంతా ఆ బకెట్లోనే పోతుంది.

స్నానం వద్దు. బట్టలు ఉతక్కుండా కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్ కవరులో వద్దు. అప్పటికే స్నానం అయిపోయిందా? అయినా సరే, బయలుదేరండి. ఎందుకంటే అసలు తొందర మందులది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసే మాత్ర కూడా ఎంత త్వరగా వేస్తే అంత మంచిది.

"పోలీసు కాగితం లేందే డాక్టరు చూడడంట" అనే భయం మన ఊళ్లలో ఇంకా పోలేదు. అది తప్పు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం సర్కారు ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి. పోలీసులకు కబురు పెట్టే పని ఆసుపత్రిదే. వైద్యం చేయమంటే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలైలో కొత్త చట్టాలు వచ్చాక కూడా ఈ నియమం అలాగే ఉంది. ఆత్మకూరు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. నందికొట్కూరు మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే సగం పూట గడిచిపోతుంది. నల్లమల గూడేల నుంచి వచ్చే చెంచు ఆడవాళ్లకైతే ఆత్మకూరు చేరడమే ఒక ప్రయాణం. అందుకే ఊళ్లోని ఆసుపత్రిలోనే మొదటి వైద్యం అడగండి. "కర్నూలు పొండి" అని ఊరికే పంపించేస్తే ఒప్పుకోకండి.

పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి. పరీక్ష వద్దన్నా వైద్యం ఆపకూడదు. రెండు వేళ్ల పరీక్ష అని ఒక దుర్మార్గం ఉండేది. అది తప్పని 2013లోనే చెప్పిన సుప్రీంకోర్టు, 2022లో ఇక ఎవరు చేసినా దుష్ప్రవర్తన కింద లెక్క అంది. పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లనైతే లేడీ డాక్టరే చూడాలి, తల్లి పక్కన ఉండొచ్చు.

సాక్ష్యం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటారా? విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టులో పదకొండు మంది గిరిజన స్త్రీలు పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన ఆ పరిహారం ఏం తీరుస్తుంది చెప్పండి? మొదటి రోజుల్లో జరగాల్సిన పని అప్పుడే జరగాలి.

బండి లేకపోతే 108కి ఫోను చేయండి. సలహాకు 181, పిల్లలకైతే 1098. రిపోర్టు నకలు ఉచితంగా అడిగి తీసుకోండి. ఇంకో సంగతి. హెచ్‌ఐవీ మందు 28 రోజులు వాడాలి. మనసు విరిగిన పిల్లకు మాత్ర గుర్తుంటుందా? రోజూ అన్నం తిన్నాక "వేసుకున్నావా తల్లీ?" అని ఒక్కమాట అడగండి. ఏం జరిగిందో మాత్రం మళ్లీ మళ్లీ అడక్కండి.