గుంటకకు పూజ లేదు
విజయవాడ వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్టు ముందు నాగలి నిలబెట్టి ఉంటే ఏ హోటల్ వాళ్లో గోడకు తగిలించడానికి ఎత్తుకుపోతారు. వెనకాల పడున్న గుంటక వంక చూసేవాళ్లే లేరు. ఏరువాక పున్నమికి పసుపు కుంకుమలు నాగలికే, బలరాముడి భుజం మీద చోటూ దానికే. 1977లో జనతా పార్టీ పోటీచేసిన గుర్తులో రైతు మోసిందీ దాన్నే. నా ఓటు మాత్రం గుంటకకు. మన కర్ర నాగలి మట్టిని తిరగెయ్యదు, చీల్చుకుంటూ పోతుంది; చాలుకీ చాలుకీ మధ్య దున్నని మన్ను మిగిలే ఉంటుంది, అందుకే మళ్లీ అడ్డదుక్కి. గుంటక అలా కాదు. దాని ఇనుప పాస పైమన్ను కిందుగా జారుతూ కలుపు వేళ్లు కోస్తుంది, పైన పొడిమట్టి దుప్పటి పరిచి లోపలి తడిని ఆపుతుంది. లోతు కావాలంటే రైతే దానిమీదెక్కి నిలబడతాడు, అంతకంటే చవకైన యంత్రం ఏముంది! వానకీ వానకీ మధ్య మెట్టపైరు బతికిందంటే సగం పుణ్యం దానిదే. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యి కాలువలు పారాక డెల్టాకు ఆ తడి బెంగ తగ్గింది. గుంటక పనంతా నందిగామ వైపు నల్లరేగళ్లదే. డెల్టాలో దమ్ము చేశాక ఎడ్ల వెనక లాగే చదును పలకది పైచెయ్యి: మడి పల్లమైనచోట నారు మునుగుతుంది, మెరకైనచోట నీళ్లు నిలవక కలుపు లేస్తుంది.