తెరపాఠము – గురుబోధ

మహమ్మారి మూలమున 2020 మార్చిలో బడులు మూతవడెను. ఆ సెప్టెంబరు 1వ తేదీ మొదలు తెలంగాణ ప్రభుత్వము 3వ తరగతి నుండి 10వ తరగతి వరకు గల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించెను. బడి తెరచుటకు వీలులేని నాడు ఆ యత్నము శ్లాఘనీయమే. కాని ఆపద్ధర్మము నిత్యధర్మము కాజాలదు.

తెరబోధను బడిబోధతో మేళవింపవలయునని నేడు పెక్కురు పలుకుచున్నారు. 2020 జాతీయ విద్యావిధానము సహితము మిశ్రమబోధను సమర్థించుచునే ముఖాముఖి బోధయొక్క ప్రాధాన్యము నంగీకరించినది. మేళవింపునకు మేమును విరోధులము కాము. అది యెచ్చట జరుగవలయు ననునదియే ప్రశ్న: బడిలోనా, ఇంటిలోనా?

1975-76లో ఉపగ్రహము ద్వారా టెలివిజన్ బోధను పరీక్షించినప్పుడు ఆంధ్రప్రదేశముతో గూడ 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు చేరెను. ఆ పెట్టె యొకరి సొత్తు కాదు, ఊరుమ్మడిది. కలవారి బిడ్డయు లేనివారి బిడ్డయు ఒక్కచోటనే పాఠము చూచుటకు అది వీలు గల్పించెను.

సెల్‌ఫోను సంగతి యట్లు కాదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామమునందో, పటాన్‌చెరు కర్మాగారముల చెంత అద్దెగదులందో బ్రతుకు కార్మికుని యిల్లు తలచికొనుడు. ఫోను ఒకటి, బిడ్డలు ముగ్గురు. తండ్రి షిఫ్టునకు బోవుచు ఫోను వెంట గొనిపోవును. అతడు తిరిగివచ్చుసరికి పాఠము ముగియును. ఉన్న కొలదిసేపు అన్న చేతికి వచ్చిన ఫోను చెల్లెలి చేతికి వచ్చునా? ఇంటిపాఠమను పేర నా బాలికకు దక్కునది పాఠము కాదు, వంటపని. బడిలో దొరకు మధ్యాహ్న భోజనమును ఆమెకు దూరమగును.

2009 విద్యాహక్కు చట్టము ఏటికి 5వ తరగతి వరకు 200, 6 నుండి 8 వరకు 220 పనిదినములను విధించినది. ఇంట ఫోను చూచిన దినమును బడిదినముగా లెక్కించుట ఆ చట్టముయొక్క యాశయమునకే గొడ్డలిపెట్టని మా నిశ్చితాభిప్రాయము. తెరను బడిలోనే నిలుపుడు. పాఠము చూపిన పిదప గురువు ప్రశ్నించుగాక, ప్రయోగము చేయించుగాక. గురువుల ఖాళీలను మాత్రము తెరతో పూడ్పరాదు.

పఠనమందిరములలో నీ విషయము చర్చించు పెద్దలు ఒక్కమారు తమ యూరి బడికి బోయి, అచటి తెర పనిచేయుచున్నదా, గురువులు చాలినంతమంది యున్నారా యని విచారింపవలయును. తెర పాఠమును చూపగలదు. బిడ్డ మొగము జూచి, పాఠ మర్థము కాలేదని గ్రహింపగలవాడు గురు వొక్కడే.