నాన్న అమ్మేసిన కాంటెస్సా

మా ఇంట్లో గ్యాస్ కనెక్షన్ నంబరు ఎవరికీ గుర్తుండదు. కానీ 2003లో అమ్మేసిన కారు నంబరు మాత్రం అమ్మతో సహా అందరికీ నోటికొచ్చు. ఏపీ 7తో మొదలయ్యే గుంటూరు నంబరు. కారు పేరు కాంటెస్సా క్లాసిక్.

మీలో చాలామంది ఈ కారుని రోడ్డు మీద చూసి ఉండరు. ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ కంపెనీ చేసిన వీఎక్స్ మోడలే మన దగ్గరికొచ్చి కాంటెస్సా అయింది. హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1984లో తెచ్చింది. మొదట్లో అంబాసిడర్‌కి వాడే 1489 సీసీ ఇంజనే దీనికీ పెట్టారు. అంత పెద్ద బాడీని లాగడానికి అది ఆయాసపడేది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజన్, 5 గేర్లు వచ్చాయి. అప్పట్నుంచీ కథ మారింది. పొడవాటి బానెట్, ముందు నాలుగు గుండ్రటి లైట్లు, వెనక చక్రాలకి పవర్. ఫెరారీ పక్కన పెట్టి దీన్ని స్పోర్ట్స్ కార్ అంటే నవ్వుతారు, నిజమే. కానీ ఎటు చూసినా 796 సీసీ మారుతి 800లే తిరిగే రోజుల్లో, మా వీధి పిల్లలకి స్పోర్ట్స్ కార్ అంటే ఇదే.

నాన్న మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాడు. వరసగా రెండేళ్లు దెబ్బ తగిలింది. బాకీలు తీర్చడానికి ముందు స్థలం పోయింది, తర్వాత కారు. తెనాలి దగ్గర ఊరి నుంచి ఒకాయన వచ్చి కొనుక్కున్నాడు. నాన్న ఆయన చేతిలో తాళాలు పెట్టి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్లిపోయాడు. నేను గేటు పట్టుకుని, కారు సందు మలుపు తిరిగేదాకా చూశా. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ కొన్నాయన మీద కోపం చాలా ఏళ్లు ఉంది.

ఇరవయ్యేళ్ల తర్వాత, ఒక రాత్రి నిద్ర పట్టక ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొట్టా. రికార్డు ఉంది! ఆర్‌సీ గడువు తీరిపోయింది గానీ కారు ఇంకా లెక్కల్లోనే ఉంది. యార్డులో నాన్న పాత స్నేహితుణ్ని పట్టుకుంటే ఊరు, ఇల్లు చెప్పాడు. నాన్నకి చెప్పకుండా వెళ్లా.

గేదెల కొట్టం పక్కన, టార్పాలిన్ కింద ఉంది. మా మెరూన్ రంగు పోయి తెల్లగా అయింది. ఎందుకంటే దాన్ని ఇన్నేళ్లూ పెళ్లి కారుగా తిప్పారు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లాలంటే ఈ కారే.

లక్షా ఇరవై వేలు ఇస్తానన్నా. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"స్క్రాప్ వాడు నలభై అన్నాడు. నువ్వూ నలభయ్యే ఇయ్యి బాబూ. ఆ రోజు మీ నాన్నగారికి అవసరం. అది తెలిసే నేను బేరం బిగించా. అది ఇప్పటికీ గుచ్చుకుంటానే ఉంటది."

ఏం మాట్లాడాలో తెలీలేదు. ఇన్నేళ్లూ నేను అనుకున్నది నిజమే. కానీ ఆ మాట ఆయనే అంటుంటే, లోపల దాచుకున్న కోపం ఎటు పోయిందో పోయింది.

కారుని లారీ మీద విజయవాడ ఆటోనగర్‌కి తెచ్చాం. టింకరింగ్ మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్‌ని పొడిస్తే కిందికి దిగిపోయింది. రేకు కాదు, లప్పమూ రంగూ కలిసి నిలబెట్టిన తుప్పు. వైరింగ్ ఎలకలు తినేశాయి. కార్బొరేటర్ విప్పితే పెట్రోలు జిగురైపోయి ఉంది. ఇంజన్ మాత్రం గట్టిది. రీబోర్ చేసి రింగులు మారిస్తే లేచింది. అన్నిటికన్నా ఏడిపించింది వెనక లైటు అద్దం. కాంటెస్సా తయారీ 2002లోనే ఆగిపోయింది కాబట్టి షోరూమ్‌లో దొరకదు. అయిదు నెలలు వెతికితే కోయంబత్తూరులో ఒకరి దగ్గర దొరికింది.

నేను వేసుకున్న లెక్క రెండు లక్షలు, నాలుగు నెలలు. అయింది నాలుగు లక్షల అరవై వేలు, పద్నాలుగు నెలలు. మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే మూడు మాటలు చెప్తా. డబ్బు కట్టేముందు ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరూ కారు మీదున్నదీ ఒకటేనా చూసుకోండి. రంగు చూసి మోసపోవద్దు, కిందకి దూరి ఫ్లోర్ చూడండి. మూడోది కాగితాలు. 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ వాహనం కింద లెక్క. అంతకంటే చిన్నదైతే మామూలు పాత కారే. ఫిట్‌నెస్ పాసవ్వాలి, ఆర్‌సీ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఈ రెన్యువల్ ఫీజుని కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి ఏకంగా 5000 చేసింది. తర్వాత 20 ఏళ్లు దాటినవాటికి ఇంకా పెంచారు. ఇవన్నీ బడ్జెట్‌లో రాసుకోండి.

వెనక సీటు విప్పిన రోజు మేస్త్రి ఫోన్ చేశాడు. "సార్, ఇవి పారేయమంటారా?" వెళ్లి చూస్తే సీటు సందుల్లో, కార్పెట్ కింద గుప్పెడు బియ్యపు గింజలు. కొన్నిటికి పసుపు ఇంకా వదల్లేదు. తలంబ్రాలు. ఎవరెవరి తల మీద నుంచి రాలాయో! మా కారు, మా కారు అని ఇన్నాళ్లూ అనుకున్నా. మా దగ్గరున్నది ఎనిమిదేళ్లు, ఆయన దగ్గరున్నది ఇరవై.

రంగు వేసేముందు నాన్నకి చెప్పక తప్పలేదు. కోప్పడతాడనుకున్నా. అంతా విని, "ఆయన ధర తగ్గించాడు, నిజమే. మిగతావాళ్లు వాయిదాల మీద అడిగారు. రొక్కం పట్టుకొచ్చింది ఆయనొక్కడే. నీ స్కూలు ఫీజు ఆ డబ్బుల్లోంచే కట్టా" అన్నాడు. కాసేపాగి, "మెరూన్ వద్దులేరా. తెలుపే ఉంచు" అన్నాడు.

తెలుపే వేయించా. కారు బయటికొచ్చిన ఆదివారం, నాన్నే స్టీరింగ్ పట్టాడు. గుంటూరు దాటేదాకా ఒక్క మాట లేదు. మూడో గేరులో కొంచెం తడబడ్డాడు, తర్వాత చెయ్యి గుర్తుపట్టింది. బండి తిన్నగా ఆ పెద్దాయన ఇంటి ముందు ఆపాడు.

ఏదో పెద్ద మాటలు నడుస్తాయని నేను కాచుకుని కూర్చున్నా. ఇద్దరూ బానెట్ ఎత్తారు.

"లీటరుకి ఎనిమిదికి మించి ఎప్పుడూ ఇవ్వలేదండీ నాకు" అన్నాడు నాన్న.

"నాకు తొమ్మిదిన్నర ఇచ్చింది!" అన్నాడాయన.

టీ చల్లారిపోయేదాకా అదే గొడవ.